గడ్డి తినే మనిషి

పోయిన వారం ఆత్మకూరు బస్టాండులో ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. బస్సు కిటికీలోంచి సీటు మీద ముందుగా తువ్వాలు వేసింది ఎవరన్నది తగాదా. పెద్దవాడు రెండోవాడి ముఖంలోకి వేలు చూపించి, "ఏం గడ్డి తిని ఇట్టాంటి పని చేసినావురా?" అని అరిచాడు. నేను గబుక్కున వెనక్కి తిరిగాను. ఆ ఇద్దరి కోసం కాదు. ఆ మాట ఎక్కడ వినిపించినా ఆయన అక్కడ ఉంటాడేమోనని చూడటం ఈ మధ్య నాకు అలవాటైంది. ఆయన పోయి రెండు నెలలు దాటింది.

మన భాషలో గడ్డి తినడమంటే సిగ్గుమాలిన పని చేయడం. తాయెత్తులు అమ్మేవాళ్ల మీద, నిప్పులు తొక్కించి పిల్లల కాళ్లు కాల్చేవాళ్ల మీద, విబూది రాల్చే స్వాముల మీద మా హేతువాద సంఘం సభల్లో నేనూ ఆ మాటను ఎన్నోసార్లు ప్రయోగించాను. ఆ ప్రయోగాలకు ఇప్పటికీ చింతించను. కానీ ఆయన నిజంగానే గడ్డి తినేవాడు. పట్టపగలు, పదిమంది ముందు, బర్రెకు ఎదురుగా గొంతుక్కూర్చుని వరిగడ్డి పోచను దూడ నమిలినట్టు నమిలేవాడు. ఊళ్లలో ఆయన్ని గడ్డి సాయిబు అనేవాళ్లు. ఎదురుగానే అనేవాళ్లు, ఆయన పలికేవాడు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే కుటుంబం ఆయనది. గరిటెలు సంచిలో వేసుకుని షేర్ ఆటోల్లో ఊరూరూ తిరిగి అమ్మేవాడు. ఆయన ఇంట్లో పశువు లేదు, ఎన్నడూ ఉండలేదట. అయినా ఉదయగిరి నుంచి చేజర్ల దాకా ఎవరి బర్రె గడ్డి ముట్టకపోయినా ఆయనకు ఫోను పోయేది.

టౌనులో పెరిగినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. గడ్డే కదా, వేస్తే తింటుంది అనుకుంటారు. పశువుకు గడ్డి దగ్గర ఉన్నంత పట్టింపు కొత్త అల్లుడికి కూర దగ్గర ఉండదు. తవుడు తింటుంది, కుడితి తాగుతుంది, గడ్డి మాత్రం మూతితో పక్కకు నెట్టేస్తుంది. గడ్డి లేకపోతే నెమరు లేదు. నెమరు ఆగితే పాలు ఆగుతాయి. కొడవలితో కోసిన రోజుల్లో గడ్డి పోచలు తిన్నగా, శుభ్రంగా ఉండేవి. ఇప్పుడు కోతమిషను చేలోకి దిగి గడ్డిని నలిపి, బురదలో పొర్లించి, వెనకనుంచి కక్కుతుంది. దాన్ని చూసి మొహం తిప్పుకునే బర్రెలు ఎక్కువయ్యాయి. ఆయనకు ఫోన్లూ ఎక్కువయ్యాయి.

వచ్చినప్పుడు ఆయనకొక పద్ధతి ఉండేది. గడ్డివామి పైపొరను ముట్టడు. మోచేయి దాకా లోపలికి చెయ్యి దూర్చి, కడుపులోంచి ఒక గుప్పెడు లాగుతాడు. అందులోంచి ఒక్క పోచ తీసి, కణుపు దగ్గర తుంచి, నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. నమిలిన పిప్పిని అక్కడ ఉమ్మడు. అరచేతిలోకి తీసుకుని తువ్వాలు కొసన ముడివేసుకుంటాడు. ఇక ఆ ఇంట్లో బర్రె ఒక్క పోచ నోట పట్టేదాకా ఆయన పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ఎవరు ఏమిచ్చినా ఒకటే మాట: "అది తిన్నాక."

నేను ఆయన్ని మొదటిసారి చూసింది మా అక్క ఇంట్లో. చేజర్ల దగ్గర పల్లె. బావ పోయాక అక్క పొలం కౌలుకిచ్చి, ఒక్క బర్రెను పెట్టుకుని బతుకుతోంది. రెండేళ్ల కిందటి ఎండాకాలంలో, రెండో ఈత ఈనిన నెలకు, అది గడ్డి మానేసింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, జ్వరం లేదు, ఉబ్బరం లేదు అని చెప్పి టానిక్ రాసిచ్చి వెళ్లాడు. అక్క నాకు ఫోను చేసి, "శుక్రవారం దాకా చూస్తా. తినకుంటే బేరగాడికి తోలేస్తా. పాలు లేని బర్రెను నేనేం మేపేది?" అంది. గొంతులో ఏడుపు లేదు. మా అక్క ఏడుపు గొంతులోకి రాదు, చేతుల్లోకి వస్తుంది. నేను వెళ్లేసరికి అప్పటికే తోమిన గిన్నెలు మళ్లీ తోముతోంది.

బర్రె కొమ్ముకు నల్లదారం, పాక గుంజకు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. నేను వాటి వైపు చూడగానే అక్క వేలు చూపించింది.

"అబ్బయా, ఒక్క మాట మాట్లాడినావంటే బాగుండదు. సాయిబు వస్తా ఉండాడు. ఆయన నమిలేటప్పుడు నువ్వు నోరు మూసుకోవాల."

"ఎందుకు? మంత్రం చెడిపోతుందా?"

"నీ సంఘానికి బర్రె లేదు. నాకుండాది."

ముప్పై ఏళ్లుగా వేదికల మీద మాటకు మాట చెప్పినవాణ్ణి. ఈ మాటకు మాత్రం పోయి గుంజ పక్కన నిలబడ్డాను.

ఆయన వచ్చాడు. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం, సంచిలో గరిటెలు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి. చెప్పులు పాక బయట విడిచి, ముందు బర్రెను కాదు, నిమ్మకాయను చూశాడు.

"ఇదేంది అక్కా?"

"దిష్టి సాయిబూ. ఆ పక్కింటామె పాలు చూసి, ఇన్ని ఇస్తా ఉండాదా అని నోరు తెరిచినాది. అదే రోజు మానేసినాది."

"తవుడు తింటా ఉండాదా?"

"తింటా ఉండాది."

"దిష్టి తగిలితే తవుడు ఎట్టా తింటాది? గడ్డి ఏదో తవుడు ఏదో దిష్టికి తెలుసునా అక్కా?"

నేను నిలబడ్డచోటే కదిలిపోయాను. దిష్టి మీద నేను చేసిన ప్రసంగాలకు లెక్కలేదు. ఈ ప్రశ్న మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

ఆయన పోచ నమిలాడు. పాకలో ఈగల చప్పుడు తప్ప ఏమీ లేదు. కళ్లు తెరిచి, "బూజు లేదు. మట్టి ఉండాది. మిషను గడ్డి గదా, చక్రం కింద నలిగినాది. బాగా విదిలించి, ఉప్పునీళ్లు చల్లి, నీడన ఆరబెట్టి పెట్టు అక్కా," అన్నాడు. అక్క ఆ పనిలో పడింది. ఆయన బర్రెకు ఎదురుగా కూర్చుని ఇంకో పోచ నోట్లో పెట్టుకున్నాడు. అక్క మజ్జిగ తెచ్చింది. "అది తిన్నాక." మధ్యాహ్నమైంది. అన్నం వడ్డిస్తానంది. "అది తిన్నాక." నా బస్సు వెళ్లిపోయింది. ఆయన తినకుండా కూర్చుంటే మేమెట్లా తింటాం? అందరం కడుపులు మాడ్చుకుని ఒక బర్రె నోటి వైపు చూస్తూ కూర్చున్నాం. పాక నీడ రోడ్డు దాకా సాగిన వేళకు అది తల వంచి, ఒక పోచను నాలుకతో చుట్టి లోపలికి లాక్కుంది. తర్వాత ఇంకోటి.

ఆయన లేచి, మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగి, సంచిలోంచి ఒక గరిటె తీసి అక్కకిచ్చాడు. "కుడితి దీనితో కలుపు. ఇనప గరిటె వాసన దానికి పడదు."

నేను అడిగాను: "మీకెవరు నేర్పారు ఇదంతా?"

"ఎవురూ నేర్పలా సార్. ఒకరింట్లో గరిటెలు అమ్మతా ఉంటే బర్రె తినకుండా ఉండాది. ఏముండాది ఇందులో అని నేను నమిలి చూసినా. అది తినినాది. అప్పట్నుంచి పిలస్తా ఉండారు. నాకేం తెలీదు."

ఇంతకన్నా ఏం కావాలి నాకు? నెలకోసారి ఆత్మకూరులో ఒక మేడమీది గదిలో మా సంఘం చర్చావేదిక కలుస్తుంది. తర్వాతి సమావేశంలో ఆయన గురించి అరగంట మాట్లాడాను. తాయెత్తు లేదు, మంత్రం లేదు, దక్షిణ లేదు. నోటితో రుచి చూసి, లోపం కనిపెట్టి, ఉపాయం చెప్పే మనిషి. చదువు లేకపోయినా ఇదే విజ్ఞానం, ఇదే హేతువు అన్నాను. చప్పట్లు కొట్టారు. మరో ఏడాదిపాటు ఎక్కడ మాట్లాడినా ఆయన నా ఉదాహరణ. ఆయన్నే తీసుకొచ్చి మాట్లాడిస్తే ఎలా ఉంటుందని ఎవరో అన్నారు. నాకూ అనిపించింది. ఉదయగిరి బస్సెక్కాను.

కొండకింద ఆయన ఇల్లు. అరుగు నిండా చెక్కపొట్టు. ఆయన ఒక గరిటె కాడను ఆకురాయితో రుద్దుతున్నాడు. నన్ను చూసి సంబరపడి, లోపలికి చెప్పి టీ తెప్పించాడు. మీటింగుకు రావాలన్నాను.

"వచ్చి ఏం మాట్లాడేది సార్?"

"గడ్డి రుచి చూసి, అందులో ఏముందో ఎలా కనిపెడతారో చెప్పండి. అంతే."

ఆయన గరిటె కింద పెట్టాడు. తన గ్లాసు వైపు చూసి, "ఈ టీలో చక్కెర ఉండాదా సార్?" అన్నాడు.

"ఉంది. కొంచెం ఎక్కువే పడింది."

"నాకు తెలీదు సార్. కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయినాది రుచి. వాసన కూడా. మళ్లా రాలా."

నేను లెక్క వేసుకున్నాను. అక్క ఇంటికి ఆయన వచ్చింది ఆ తర్వాతే.

"మరి మా అక్క ఇంట్లో మట్టి ఉందన్నారు?"

"చేత్తో పట్టుకుంటే మట్టి తెలుస్తాది గదా సార్. దానికి నాలిక ఎందుకు?"

"అయితే నమలడం దేనికి?"

"నేను అడగాలనుకునేది అదే సార్." ఆయన గొంతు తగ్గించాడు. లోపల ఆడవాళ్లు వింటారనేమో. "ముందు నాలిక చెప్తా ఉండాది అనుకున్నా. నాలిక చచ్చిపోయినాక భయపడినా, ఇంక బర్రెలు తినవని. తింటానే ఉండాయి. అన్నీ కాదు. ముందు కూడా అన్నీ తినేవి కాదు. అంటే ముందు కూడా నాలిక చెప్పలేదేమో? నేనే అనుకున్నానేమో?"

నేను టీ తాగడం మానేశాను.

"ఇప్పుడు నమిల్తే ఏం తెలీదు సార్, చెక్కపొట్టు నమిలినట్టు ఉంటాది. ఐనా కళ్లు మూసుకుంటా. జనం చూస్తా ఉంటారు గదా. నేను మోసం చేస్తా ఉండానా సార్? మీరు దొంగ స్వాముల్ని పట్టిస్తారంట. నన్ను కూడా చూసి చెప్పండి."

ఇంతమందిని నిలదీశాను. ఒక్కరు కూడా ఇలా తమంతట తాము వచ్చి నిలబడలేదు. నన్ను విచారించండి అని ఏ స్వామీ అడగలేదు. మోసగాడు అడగడు కనుక ఈయన మోసగాడు కాడు అందామా? అది వాదం కాదు, అభిమానం. తెలియని రుచి తెలిసినట్టు కళ్లు మూసుకునేవాణ్ణి మోసగాడు కాదని ఎలా అనేది? బర్రె తిన్నదిగా అందామా? విబూది స్వామి భక్తులు చెప్పేదీ అదే, జ్వరం తగ్గిందిగా అని. ఉప్పునీళ్ల వల్ల తిన్నదా, ఆకలి వల్లా? ఆయన నమిలేటప్పుడు అందరూ నోరు మూసుకుంటే ఆ నిశ్శబ్దంలో దాని బెదురు తగ్గిందా? ఎదురుగా ఇంకో ప్రాణి మేస్తుంటే చూసి దానికీ మేయాలనిపించిందా? ఒక్కొక్కటీ సాధ్యమే. ఏదీ తేలదు.

"ఆలోచించి చెప్తాను," అన్నాను.

"చెప్పండి సార్. మీరు చెప్పేదాకా నమలను."

నవ్వొచ్చింది నాకు. బస్సెక్కాక ఆ నవ్వు పోయింది.

నాలుగు నెలలు గడిచాయి. ఆయన గురించి మళ్లీ ఏ వేదిక మీదా మాట్లాడలేదు. నేను చెప్పింది తప్పని కూడా ఏ వేదిక మీదా చెప్పలేదు. రెండుసార్లు వ్యాసం మొదలుపెట్టి చించేశాను. ఒకదాంట్లో ఆయన అమాయకుడయ్యాడు, ఇంకోదాంట్లో గడుసువాడయ్యాడు. రెండూ ఆయన కాదు. మూడోది రాయడం నాకు చేత కాలేదు. ఈలోగా పిలిచిన ఊళ్లకు ఆయన వెళ్లడం లేదని, అడిగితే "సారు చెప్పాల" అంటున్నాడని విన్నాను. ఏ సారో వాళ్లకు తెలియదు.

అప్పుడు అక్క బర్రె మళ్లీ గడ్డి మానేసింది.

"సాయిబుకు ఫోను చేస్తే రానంటా ఉండాడు. ఎవురో సారు చెప్పేదాకా రాడంట. ఎవుర్రా ఆ సారు?"

"నేనే అక్కా."

"ఏం చెప్పాల నువ్వు?"

చెప్పాను. అక్క అంతా విని, "ఆ మనిషి నిన్ను ఒక్క మాట అడిగినాడు. అది కూడా చెప్పలేనోడివి ఏం మీటింగులు పెడతావురా? ఎల్లుండి పొద్దున బేరగాడు వస్తాడు," అని ఫోను పెట్టేసింది.

ఆయనకు ఫోను చేశాను.

"తేలిందా సార్?"

"ఇంకా లేదు. కానీ మా అక్క బర్రె..."

"అక్క చేసినాది సార్. తేలకుంటే ఎట్టా వచ్చేది? మళ్లా కళ్లు మూసుకోవాల గదా."

ఆ రోజంతా నాలో నేను వాదించుకున్నాను. మర్నాడు ఉదయం ఒక నిర్ణయానికొచ్చి మళ్లీ చేశాను. మీరు మోసం చేయడం లేదు, రండి అని చెప్పాలనుకున్నాను. అది తేల్చుకున్న మాటా, అక్క బర్రె కోసం పుట్టిన మాటా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు తెలియదు. ఫోను ఆయన కొడుకు ఎత్తాడు.

"నాయన పోయినారు సార్. పొద్దున నమాజు చేసుకుని మళ్లా పడుకున్నారు, లేవలా." మళ్లీ తనే అన్నాడు: "నిన్న కూడా అడిగినారు, మీరు మళ్లా చేసినారా అని."

ఉదయగిరి వెళ్లాను. ఆయన మీద మట్టి వేసి, అక్కడినుంచి నేరుగా అక్క ఇంటికి. దారిలో చేత్తో కోసిన గడ్డి కనిపిస్తే రెండు కట్టలు ఆటోలో వేసుకున్నాను. అక్క ఆయన చెప్పినవన్నీ చేసే ఉంది. విదిలించింది, ఉప్పునీళ్లు చల్లింది, నీడన ఆరబెట్టింది. రెండు గడ్డీ కలిపి వేశాం. బర్రె వాసన చూసి మొహం తిప్పుకుంది. ఆయన పోయాడని అక్కకు చెప్పాను. లోపలికెళ్లింది. గిన్నెల చప్పుడు మొదలైంది.

పాకలో నేనూ, అదీ. తెల్లారితే దాన్ని తోలుకుపోతారు. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. వామిలోకి మోచేయి దాకా చెయ్యి పెట్టి ఒక పోచ లాగి, దాని ఎదురుగా గొంతుక్కూర్చుని నోట్లో పెట్టుకున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత దుమ్ము. ఆ తర్వాత ఎక్కడో అడుగున సన్నటి తీపి. అంచులు నాలుకను గీరుతున్నాయి. కళ్లు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో, చూసే జనమే లేనప్పుడు ఎవరికోసం మూసుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

"ఏందిరా అబ్బయా, గడ్డి తింటా ఉండావా?"

వెనక అక్క. చేతిలో మజ్జిగ గ్లాసు. నవ్వలేదు.

"మాట్లాడొద్దక్కా," అన్నాను.

"ఇది తాగు."

"అది తిన్నాక."

అక్క గ్లాసు పట్టుకుని నా పక్కనే కూలబడింది. పాక నీడ కదులుతోంది. బర్రె నన్ను చూసింది, అక్కను చూసింది, చాలాసేపు ఊరికే నిలబడింది. చివరికి తల వంచింది.

చేత్తో కోసిన గడ్డి వల్ల కావచ్చు. రెండు రోజుల ఆకలి కావచ్చు. నేను తెచ్చిన గడ్డీ, అక్క చల్లిన ఉప్పూ, నేను నమిలిన పోచా అన్నీ కలిసిపోయాక ఏది పని చేసిందో చెప్పడం ఎవరి తరం కాదు. పరీక్ష అనేది ఇంత అధ్వానంగా ఏ మూఢుడూ చేయడు. తెల్లవారి బేరగాడు వచ్చి, మేత గాడిలో మూతి పెట్టి ఉన్న బర్రెను చూసి వెళ్లిపోయాడు. అది ఇప్పటికీ అక్క దగ్గరే ఉంది.

మా అక్క నోరు ఊరుకోదు. నిన్న అనంతసాగరం నుంచి ఎవరో ఆడమనిషి ఫోను చేసింది. వాళ్ల ఆవు నాలుగు రోజులుగా గడ్డి ముట్టడం లేదట, ఒకసారి వచ్చి నమిలి పొమ్మంది. విదిలించమ్మా, ఉప్పునీళ్లు చల్లమ్మా అన్నాను. అన్నీ చేసినాం సార్ అంది. అప్పుడు ఉన్న మాట చెప్పేశాను.

"నమలడం వల్ల ఏమవుతుందో నాకేమీ తెలియదమ్మా."

"సాయిబు కూడా అట్టనే అనేవాడు సార్," అంది. "ఎప్పుడొస్తారు?"